పొట్లపాదు దగ్గర గంటకో నిమిషం

హైమావతి ఒక్కచోట కుదురుగా కూర్చోవడం ఆమెను కన్నవాళ్ళు కూడా చూసి ఎరగరు. బస్సు కండక్టరు ఉద్యోగం వచ్చాకే ఈ పరుగు పట్టుకుందని అత్తవారి వైపు వాళ్ళు అనేవారు. కాదు, పరుగు పుట్టుకతోనే ఉంది కాబట్టి ఆ ఉద్యోగమే వెతుక్కుంటూ వచ్చిందని పుట్టింటివాళ్ళు అనేవారు. ఏదైతేనేం, రాజమండ్రి నుంచి గోకవరం పోయే బస్సులో కాలు మోపే సందు లేనప్పుడు కూడా ఆవిడ ఈ చివరి నుంచి ఆ చివరికి మూడు స్టేజీల్లోపు టికెట్లన్నీ కొట్టేసేది. ఇంటికొస్తే ఒక చేత్తో కూర కలుపుతూ, రెండో చేత్తో చపాతీ తిప్పుతూ, చెవికీ భుజానికీ మధ్య ఫోను ఇరికించుకుని, సందు దొరికితే కూతురి చేత ఎక్కాలు చెప్పించేది.

భర్త సత్తిరాజు దీనికి సరిగ్గా ఎదురు. ఊరి చివర కూరగాయల పరిశోధన కేంద్రంలో పరికరాలు తయారుచేసే పని ఆయనది. పాదులు పైకి ఎగబాకడానికి సన్నగా చేయిలా ఒక తీగ చాపుతాయే, ఆ నులితీగ ఆసరాను ఎలా కనిపెడుతుందో పదకొండేళ్ళుగా కొలుస్తున్నాడు. కొలిచి కొలిచి ఆయనా ఆ వేగానికే వచ్చేశాడని హైమ ఎకసెక్కం. "ఏవండీ" అని పిలిస్తే "ఆఁ" అనేలోపు ఆవిడ ఆ పని తనే చేసుకుని వచ్చేసేది.

వాళ్ళకి ఒక్కతే కూతురు నీలవేణి. తొమ్మిదేళ్ళది. పోలిక తండ్రిది, తీరు తల్లిది. చేతిలో ఫోను ఉంటే రెండు క్షణాలకో బొమ్మ మార్చేది. ఒక ఆదివారం సత్తిరాజు కూతుర్ని పెరట్లోకి తీసుకెళ్ళి, నీళ్ళకుండీ పక్కన పందిరెక్కుతున్న పొట్లపాదు చూపించాడు. ఆ నులితీగ ఇప్పుడు ఆ పుల్లను పట్టుకోబోతోంది చూడమ్మా అన్నాడు. నీలు పుల్లను చూసింది, తీగను చూసింది, నాన్న మొహం చూసింది. "ఏం జరగట్లేదు కదా నాన్నా" అని లోపలికి తుర్రుమంది.

ఆ మాట సత్తిరాజు మనసులో ముల్లులా దిగింది. పిల్ల తప్పేముంది? తీగ దాని లెక్కలో పరిగెడుతూనే ఉంది, మన లెక్కలో నిలబడిపోయి ఉంది. తీగను మన దారికి తేలేం కాబట్టి పిల్లనే కాసేపు దాని దారికి పంపితే? అలా మొదలైంది నెమ్మది పట్టీ.

రెండేళ్ళు పట్టింది. మెదడు వైద్యుడు డాక్టర్ ఇమ్మానియేలు గారు తోడు నిలిచారు. చూడ్డానికి అది నుదుటికి కట్టుకునే గుడ్డపట్టీ. లోపలివైపు ఎనిమిది రాగి బిళ్ళలు. ఆరు బిళ్ళలు మెదడులో కాలం లెక్కపెట్టే చోటును సన్నగా జోకొడతాయి. మిగతా రెండూ ఎంత నిదానించిందో వింటూ ఉంటాయి. కట్టుకున్నవాళ్ళకి బయటి గంట ఒక్క నిమిషంలా గడుస్తుంది. ముందు సత్తిరాజే కట్టుకుని చూశాడు. ఆ రోజు ఇంటికొచ్చి అన్నం ముందు కూర్చుని ముద్ద నోట్లో పెట్టుకోకుండా అలా ఉండిపోయాడు. ఏమైందని హైమ గదమాయిస్తే, "వంకాయ మొక్క ఎండ కోసం మెడ తిప్పింది హైమా, కళ్ళారా చూశాను" అన్నాడు. కళ్ళలో నీళ్ళు. హైమ నవ్వేసి మజ్జిగ పోసింది గాని, ఆ చూపు చూసి లోపల కాస్త కంగారు పడింది.

ఆర్నెల్లకి కేంద్రం వాళ్ళు పిల్లల మీద చూడ్డానికి ఒప్పుకున్నారు. మొదటి పిల్ల నీలూనే. పందిరి కింద పీట వేసి కూర్చోబెట్టి, పట్టీ కట్టి, గంటకి మోగే గడియారం దానికే తగిలించారు. హైమ వెళ్ళి కూతురి కళ్ళ ముందు చెయ్యి ఊపింది. నీలు చూపు చేతి మీదకి రాలేదు. ఊపిరి మామూలుగానే ఉంది, రెప్పలూ కొట్టుకుంటున్నాయి. కానీ పిల్ల అక్కడ లేదు. ఆ గంటసేపూ హైమ ఇంట్లోకీ పెరట్లోకీ నలభైసార్లు తిరిగింది.

గడియారం మోగింది. సత్తిరాజు పట్టీ విప్పాడు. నీలు పెద్ద ఊపిరి తీసుకుంది.

"నాన్నా, అది తడుముకుంటోంది" అంది మెల్లిగా. "కళ్ళు లేనివాళ్ళు గోడ తడుముకున్నట్టు చెయ్యి చాపి గుండ్రంగా వెతుకుతోంది. నా వైపు కూడా వచ్చింది. నన్నూ వెతికింది నాన్నా."

ఆ రోజు నుంచి ఇల్లు మారిపోయింది. నీలు ఫోను అడగడం మానేసింది. బియ్యం కడిగిన నీళ్ళు పారబోయబోతే గిన్నె లాక్కుని పాదుకి పోసేది. తల్లి కరివేపాకు రెబ్బ దూస్తుంటే, ముదురుది కొయ్యమ్మా, లేతది ఇప్పుడే లేస్తోంది అని గోల చేసేది. సాయంత్రం పొట్లపువ్వు విచ్చుకోవడం చూసొచ్చి, తెల్లటి దారాలన్నీ ముడుచుకుని పడుకుని ఉంటాయని, ఒక్కోటీ ఒళ్ళు విరుచుకుంటూ లేస్తుందని, పక్కింటి మేకపిల్లకి కూడా చెప్పింది. ఇన్నాళ్ళకి పిల్ల కుదురుకుందని హైమ మురిసిపోయింది. తను కుదురుగా ఉండలేదు గాని, కూతురు కుదురుగా ఉండాలని ఆవిడకి మహా కోరిక.

నీలుకి ఉన్నది ఒక్కటే ఫిర్యాదు. గంట కూర్చుంటే దానికి దక్కేది నిమిషం. తీగ పుల్లను తాకీ తాకక ముందే గడియారం మోగిపోతుంది. నాన్నా, అది పట్టుకుంటుంటే ఒక్కసారి చూడనివ్వవా అని రోజూ ఏడుపు. కూతురు ఏడిస్తే సత్తిరాజుకి చేతులు ఆడవు. ఒకనాడు ఆ గడియారం తీసేశాడు. దాని బదులు, వినే బిళ్ళలు రెండూ ఇక చాలు అన్నప్పుడు పట్టీ దానంతటదే వదిలేసేలా మార్చాడు. అప్పుడు రెండు గంటలో, మూడు గంటలో పిల్లకి దొరుకుతాయి. డాక్టర్ గారికి తర్వాత చెబుదామనుకున్నాడు. చెప్పలేదు.

ఆ పై ఆదివారం హైమకి సెలవు. సెలవంటే ఆవిడకి నాలుగు రోజుల పని ఒక్క రోజులో చెయ్యడం. సత్తిరాజు పొద్దున్నే కేంద్రానికి వెళ్ళాడు. హైమ నువ్వులనూనె గోరువెచ్చగా కాచి కూతురి మాడు మీద పోసి దబదబా అంటింది. నూనె ఇంకేదాకా కదలకుండా ఉండమంటే ఏ పిల్ల ఉంటుంది? ప్రతి వారం ఇల్లంతా తిరిగి దిళ్ళకీ గోడలకీ నూనె పూసి వచ్చేది. ఈసారి హైమకి భలే ఉపాయం తట్టింది.

"పట్టీ కట్టేస్తానే. కాసేపు పాదు దగ్గర కూర్చో. ఈలోపు నూనె ఇంకుతుంది, నా పనీ అవుతుంది."

నీలు ఎగిరి గంతేసింది. హైమ నూనె కారుతున్న తల మీదే పట్టీ బిగించి, పీట మీద కూర్చోబెట్టి, బట్టలు తడపడానికి వెళ్ళిపోయింది.

బట్టలు అయ్యాయి. కుంకుడుకాయ రసం అయింది. వంట సగం అయింది. మధ్యలో రెండుసార్లు తొంగిచూస్తే పిల్ల బొమ్మలా కూర్చుని ఉంది. పక్కింటావిడ పచ్చిమిరపకాయల కోసం వచ్చి, అమ్మో ఎంత బుద్ధిగా కూర్చుందండీ అంది. దిష్టి తగులుతుందేమోనని హైమ ఆవిణ్ణి మాటల్లో పెట్టి సాగనంపింది. పట్టీ ఎప్పుడు వదలాలో దానికి తెలుసని సత్తిరాజే చెప్పాడు కదా అనుకుంది. ఎంత కుదురుగా ఉంది నా తల్లి అని తలుపు దగ్గర నిలబడి కళ్ళనిండా చూసుకుంది కూడా.

మధ్యాహ్నం రెండింటికి సత్తిరాజు వచ్చాడు. పెరట్లోకి వెళ్ళినవాడు వెళ్ళినట్టే ఆగిపోయాడు.

"ఎప్పుడు కట్టావ్?"

"ఎనిమిదింటికి."

ఆయన పరుగెత్తి పట్టీ లాగేశాడు. రాగి బిళ్ళల మీద నూనె జిడ్డుగా మెరుస్తోంది. వినే బిళ్ళలకు ఆ నూనె చెవుల్లో దూది పెట్టినట్టయింది. పిల్ల ఇంకా నిదానించలేదనుకుని పట్టీ జోకొడుతూనే ఉంది. ఒకసారి కాదు, ఆరు గంటలసేపు, అంతకంతకీ గట్టిగా. పట్టీ విప్పేశాక కూడా నీలు తల తిప్పలేదు. నీలూ, నీలూ అని హైమ భుజాలు పట్టుకుని ఊపింది. పిల్ల కళ్ళు నులితీగ మీదే ఉన్నాయి.

పది రోజులు ఆస్పత్రిలో ఉంచారు. గుండె, పొట్ట, నిద్ర, మింగడం అన్నీ వాటి దారిన అవి నడుస్తున్నాయి. చూసేదీ, తిరిగేదీ, మాట్లాడేదీ మాత్రం గంటకో నిమిషం దగ్గర ఆగిపోయింది. ఇమ్మానియేలు గారు ఒకరోజు నీలు మొహం ముందు అరచెయ్యి పెట్టి గంటకు పైగా కదలకుండా పట్టుకున్నారు. చివరికి, అది కూడా మెల్లగా, వాలుతున్న పొద్దులా, పిల్ల చూపు ఆయన చేతి మీదకి జరిగింది. ఆయన ఆ చెయ్యి దించి, నొప్పి పెడుతున్న భుజం రుద్దుకుంటూ హైమ వైపు చూశారు.

"మనం దాని కళ్ళకి ఆనట్లేదమ్మా. మనం వచ్చి వెళ్ళిపోవడం దానికి గాలి వీచినట్టు అంతే. ఆగి ఉన్నదే కనిపిస్తుంది."

హైమ లెక్కలు గబగబా కట్టేది. ఆ లెక్క కూడా ఆవిడ ఆపుకోలేకపోయింది. ఈ పది రోజులూ నీలుకి నాలుగు గంటలు. ఏడాది ఆరు రోజులు. హైమకి ముప్పై అయిదేళ్ళు. తనకి డెబ్బై వచ్చేసరికి ఆ పిల్ల లెక్కలో ఇంకో ఏడు నెలలు మాత్రం గడిచి ఉంటాయి. ఆ పీట మీద అలా కూర్చుని, అమ్మ ఇప్పుడే ఇటు వెళ్ళిందే అనుకుంటూ ఉంటుంది, ఇక్కడ అమ్మ ముసలిదైపోతుంది. ఆస్పత్రి వరండాలో హైమ గోడకి తల ఆన్చి, నోట్లో కొంగు కుక్కుకుని ఏడ్చింది. నూనె పోసింది తన చేతులే. గడియారం తీసింది సత్తిరాజు చేతులు. ఒకరినొకరు తప్పుపట్టుకోలేదు.

డాక్టర్ గారు దాచకుండా చెప్పారు. మెదడు ఏ నడకైనా నెల రోజుల్లో సొంతం చేసుకుంటుంది. ఆ లోపు వెనక్కి లాగాలి. మందుతోనో, ఇంకో పట్టీతోనో లాగే ధైర్యం తనకు లేదు. చంటిపిల్లలు కాలం నడకను మనుషుల దగ్గరే నేర్చుకుంటారు, ఊయల ఊపే చెయ్యి, పాట పాడే గొంతు, ఇవే వాళ్ళ గడియారాలు. నీలూ మళ్ళీ అలాగే నేర్చుకోవాలి. ఎవరో ఒకరు ముందు దాని నడకకి వెళ్ళి, దాని కంట్లో పడి, అక్కడి నుంచి వేలు పట్టుకుని మెల్లమెల్లగా ఇవతలికి నడిపించుకు రావాలి.

కేంద్రంలో ఇంకో పట్టీ ఉంది, అది కట్టుకుని నేను వెళ్తానన్నాడు సత్తిరాజు. హైమ వద్దంది. కట్టుకున్నవాడు తనంతట తను వేగం పెంచుకోలేడు, అక్కడ ఇద్దరూ ఉండిపోతారు.

"పట్టీ లేకుండా నేనెళ్తాను. కూర్చోవడమేగా" అంది.

పన్నెండేళ్ళ కాపురంలో ఆవిడ కూర్చుని అన్నం తినడం సత్తిరాజు ఎన్నిసార్లు చూశాడో వేళ్ళ మీద లెక్కపెట్టొచ్చు.

నీలుని ఇంటికి తెచ్చారు. పందిరి కింద అదే పీట, ఎదురుగా హైమకి ఇంకో పీట. మొదటి రోజు హైమ పది నిమిషాలు కూర్చుంది. పాదం దురద పెట్టింది, గోక్కుంది. కుక్కరు కూత వేసింది, తనకి తెలియకుండానే లేచి వెళ్ళిపోయింది. పొయ్యి ముందు నిలబడ్డాక గాని లేచానన్న సంగతి గుర్తు రాలేదు. రెండో రోజు కుక్కరు పెట్టొద్దని భర్తకి చెప్పి కూర్చుంది. అరగంటకి చేతులు వాటంతటవే రాలిన ఆకులు ఏరుతున్నాయి. నీలు చూపు తల్లి గుండా దూరిపోయి తీగ మీదే ఉంది. నేను దానికి ఆకు మీద వాలి ఎగిరిపోయే ఈగపాటి కూడా కాను అనిపించి హైమ తన చేతులనే తను తిట్టుకుంది.

మూడో రోజు పొద్దున్న ఆవిడకి ఒక ఆలోచన వచ్చింది. నీలు చూసేది తీగ కొసనే కదా. తను వేరే ఎక్కడో కూర్చుని కూతురు తిరిగి చూడాలని ఎదురుచూడ్డం దేనికి? ఆ కొస ఎక్కడ ఉంటే తన వేలూ అక్కడే ఉంటే సరిపోతుంది. హైమ మోచేతిని పందిరి గుంజకి ఆన్చుకుని నులితీగ కొస పక్కన వేలు పెట్టింది. పిందెలకి వేలు చూపిస్తే కుళ్ళిపోతాయని ఆ వైపు ఆడవాళ్ళు వేలు మడిచి కణుపుతో చూపిస్తారు. అలవాటు కొద్దీ ఆవిడ వేలు మడుచుకునే ఉంది. కొసకీ కణుపుకీ మధ్య బియ్యపుగింజంత ఎడం. ఆ ఎడం పెరగకూడదు, తరగకూడదు. అదొక్కటే పని అని మనసుకి చెప్పుకుంది.

మొదట ఏమీ జరగలేదు. తర్వాత చూస్తే ఎడం రెండు గింజలంత అయి ఉంది. కొస ఎప్పుడు జరిగింది? తను చూస్తూనే ఉంది కదా. వేలు జరిపింది. మళ్ళీ జరిగింది. ఈసారి కన్నార్పకుండా పట్టుకుంది. గంట గడిచిందో, గంటన్నర గడిచిందో, ఆ లెక్క కట్టడం ఆవిడ జన్మలో మొదటిసారి మరిచిపోయింది. అప్పుడు, ఎండ పందిరి మీదుగా దిగుతుండగా, హైమ ఆ కదలికను చూసింది.

చూసింది అంటే నిజంగానే చూసింది, ఏ పట్టీ లేకుండా. వెంట్రుకంత సన్నటి పచ్చటి కొస గాలిలో గుండ్రంగా సున్నా గీస్తోంది. తొందర లేదు, తడబాటు లేదు. ఏమీ దొరకని చోట కూడా మర్యాదగా వెతికి పక్కకి జరుగుతోంది. రోజుకి పదిసార్లు ఈ పందిరి కింద నుంచి బకెట్టు మోసుకుంటూ పోయింది. ఈ తీగ తన జాకెట్టు అంచుని ఎన్నిసార్లు వెతికి ఉంటుందో, తను ఎన్నిసార్లు విసురుగా వెళ్ళిపోయి ఉంటుందో. దేవుడా, ఇంత జరుగుతోందా ఇక్కడ అనుకుంది. చుట్టూ చూస్తే ఆకులన్నీ, పిందెలన్నీ, గోడ పక్కన గడ్డి కూడా ఏదో పనిలో ఉన్నట్టే అనిపించింది. ఆ పెరట్లో ఖాళీగా ఉన్నది ఒక్కటీ లేదు. నీలు ఇందుకే తిరిగి రావట్లేదా అన్న భయం ఆ వెంటనే వచ్చింది.

మధ్యాహ్నం కొస వచ్చి ఆవిడ కణుపుకి తగిలింది. తగిలీ తగలనట్టు ఉంది. కాసేపటికి కొంచెం వంగింది. హైమ ఊపిరి కూడా పొట్టలోంచి పీల్చింది, భుజం కదలకుండా. సత్తిరాజు చెంచాతో నీళ్ళు పట్టబోతే కళ్ళతోనే వద్దంది. చెయ్యి మొద్దుబారింది, నడుము నిప్పులు పోసినట్టుంది. నులితీగ ఆవిడ వేలి చుట్టూ ఒక చుట్టు చుట్టింది. ఆపైన ఇంకో చుట్టు.

నీలు చూపు కదలడం మొదలైంది. తీగ మీద నుంచి వేలి మీదకి, వేలి మీద నుంచి గాజుల మీదకి, గాజుల మీద నుంచి మోచేతి మీదుగా పైకి. అంత చిన్న దారికి చాలాసేపు పట్టింది. చివరికి ఆ కళ్ళు తల్లి మొహం మీద వచ్చి ఆగాయి. పిల్ల పెదవులు తెరుచుకోవడం మొదలుపెట్టాయి. తెరుచుకుని, దగ్గరికొచ్చి, మూసుకుని, అలాగే ఉండి, మళ్ళీ తెరుచుకున్నాయి. గొంతులో సన్నటి జీర తప్ప శబ్దం లేదు. ఆ ఒక్క మాటకి ఇంచుమించు నిమిషం పట్టింది. హైమ చెవితో వినలేదు, కళ్ళతో చదువుకుంది. అమ్మ.

కన్నీళ్ళు బొటబొటా కారుతున్నా హైమ తుడుచుకోలేదు. తుడుచుకుంటే చెయ్యి కదులుతుంది.

అక్కడి నుంచి రోజూ అదే కొలువు. డాక్టర్ గారు చేతిగడియారం పెట్టుకుని పక్కన కూర్చునేవారు. హైమ చెయ్యి ఎత్తడానికి మొదటి రోజు నలభై నిమిషాలు, మర్నాడు ముప్పై అయిదు, ఆ మర్నాడు ముప్పై. నీలు చూపు ఆ చేతి వెంట వచ్చేది. నవ్వేది, ఆ నవ్వు రావడం పొద్దు పొడవడంలా నిదానంగా ఉండేది, అది పూర్తయ్యేదాకా హైమ కాచుకునేది. పట్టీ లాగేసిన రోజు నుంచి లెక్కేస్తే ఇరవై రెండో రోజుకి పావుగంటకో నిమిషం దగ్గరికి వచ్చారు. అక్కడ ఆగిపోయింది.

ఎన్ని రోజులు లాగినా పిల్ల ఆ గీత దాటట్లేదు. హైమ చెయ్యి అంతకన్నా వేగంగా కదిలితే నీలు చూపు దాన్ని వదిలేసి వెనక్కి, తీగ దగ్గరికి వెళ్ళిపోతోంది. ఎందుకో హైమకి తెలుసు. అంతకన్నా వేగం పెరిగితే తీగ ఆగిపోయినట్టు కనిపిస్తుంది. ఆ గీతకి అవతల పాదు చచ్చిపోయినట్టే పిల్లకి. నెలకి ఇంక ఒక్క రోజే ఉంది. డాక్టర్ గారు కళ్ళజోడు తీసి తుడుచుకుంటూ, పాదుని కోసెయ్యడం తప్ప దారి లేదేమోనన్నారు. చూడ్డానికి అక్కడ ఏమీ లేకపోతే అదే ఇటు తిరుగుతుందన్నారు. సత్తిరాజు లోపలికి వెళ్ళి కొడవలి తెచ్చాడు. తన చేతులతో నాటి, ఇన్నేళ్ళ చదువంతా పోసి పెంచిన పాదు అది.

హైమ ఆయన మణికట్టు పట్టుకుంది.

"కొయ్యొద్దండీ. దాన్ని చూడ్డానికేగా పిల్ల వెళ్ళింది. అది లేని చోటికి మనం రమ్మంటే ఎందుకొస్తుంది?"

ఆయన కొడవలి గుంజ పక్కన దించాడు. ఏం చెయ్యాలో ఆవిడకీ తెలియదు. ఆ సాయంత్రం హైమ అలిసిపోయి, పిలవడం మానేసింది. ఎదురుగా ఉన్న పీటను తీసి కూతురి పక్కన వేసుకుని, భుజానికి భుజం ఆన్చి, ఇద్దరూ ఒకేవైపు చూసేలా కూర్చుంది. పందిరి మీద పొట్లమొగ్గలు వాలే వెలుగులో తెల్లబడుతున్నాయి. ఇవాళ ఏ మొగ్గ ముందు విచ్చుకుంటుందో చూద్దాం అనుకుని, బాగా ఉబ్బి ఉన్న మొగ్గను ఒకదాన్ని ఎంచుకుని దాని మీదే కళ్ళు నిలిపింది. కూతురు చూస్తోందా లేదా అని కూడా చూడలేదు.

చాలాసేపు గడిచింది. మొగ్గ విచ్చుకోలేదు. హైమ అయినా దాన్నే చూస్తోంది.

భుజం దగ్గర ఏదో కదిలింది. నీలు మెడ తల్లి వైపు తిరుగుతోంది. తిరిగి, తల్లి కళ్ళు ఎటు చూస్తున్నాయో చూసి, ఆ మొగ్గను చూసి, మళ్ళీ తల్లి మొహం చూసింది. ఆ చూపులు ఒక్కోటీ ముందుదానికన్నా త్వరగా పడుతున్నాయి. పిల్ల కనుబొమ్మలు ముడిపడ్డాయి. చెయ్యి ఒళ్ళోంచి లేచింది. మొదట తీగలా లేచింది, తర్వాత నీళ్ళలో తేలినట్టు, తర్వాత జబ్బు పడి లేచిన మనిషి ఎత్తినట్టు. ఆ చెయ్యి వచ్చి హైమ గడ్డం పట్టుకుని పక్కకి తిప్పింది.

"అ… మ్మా. అది… కాదు. ఇటు… చూడు."

హైమ ఇటు చూసింది. ఆకు చాటున ఇంకో పొట్లపువ్వు అప్పటికే విచ్చుకుని, తెల్లటి దారాలన్నీ చాపుకుని ఉంది. తల్లి దాన్ని చూడకుండా వేరే మొగ్గ దగ్గర కాపు కాస్తోంది. ఆ సంగతి చెప్పాలని, చెప్పకుండా ఉండలేక, పిల్ల వచ్చేసింది. గుమ్మంలో నిలబడ్డ సత్తిరాజు పందిరి కిందికి పరుగెత్తుకొచ్చాడు. డాక్టర్ గారు గడియారం వైపు చూడ్డం మరిచిపోయారు. హైమ ఆ పువ్వును చూస్తూ, అవునే, నేను చూడనే లేదే, అంటూ కూతురి చేతిని చెంపకి అదుముకుంది.

ఆ తర్వాత వారం రోజుల్లో నీలు నడిచింది, తిన్నది, బడికి కూడా వెళ్ళింది. పూర్తిగా అందరిలా కాలేదు. ఏదడిగినా జవాబు నాలుగైదు క్షణాలు ఆలస్యంగా వస్తుంది, ఇక అలాగే ఉంటుందని డాక్టర్ గారు చెప్పారు. సత్తిరాజు కేంద్రంలో అందరి ముందూ గడియారం తీసింది నేనేనని చెప్పి, పట్టీలు రెండూ అప్పగించి వచ్చాడు.

హైమ మళ్ళీ డ్యూటీకి వెళ్ళాల్సిన రోజు పొద్దున్న, పందిరి కింద కూతురికి జడ వేస్తూ, ఇన్నాళ్ళూ అడగాలనుకుని భయపడ్డ మాట అడిగింది.

"అక్కడ ఎలా ఉండేదే నీకు?"

జవాబు వెంటనే రాలేదు. బస్సుకి వేళవుతోంది. హైమ దువ్వెన పట్టుకుని, తొందరపెట్టకుండా కాచుకుంది.

"అందరూ వెళ్ళిపోతూనే ఉండేవారమ్మా" అంది నీలు. కాసేపు ఆగి మళ్ళీ అంది. "నువ్వొక్కదానివే ఆగావు."